సంతోషానికి ఖరీదు కట్టిన కోర్టులు

1808లో ఇంగ్లండులో ఒక భర్త కోర్టుకెక్కాడు. అతనూ భార్యా ఎక్కిన గుర్రపు స్టేజి కోచ్ దారిలో బోల్తా పడింది. అతను దెబ్బలతో బయటపడ్డాడు. ఆమె నెల రోజులు మంచాన ఉండి కన్నుమూసింది. జ్యూరీకి జడ్జి లార్డ్ ఎలెన్‌బరో చెప్పిన లెక్క ఇది: భర్తకు తగిలిన దెబ్బలకు డబ్బివ్వండి. భార్య బతికున్న ఆ నెలా ఆమె తోడు కరువైనందుకు ఇవ్వండి. ఆమె ఊపిరి ఆగిన క్షణంతో లెక్క కూడా ఆపేయండి, ఎందుకంటే మనిషి చావు సివిల్ కోర్టులో ఫిర్యాదు చేయదగ్గ నష్టం కాదు. జ్యూరీ మొత్తం 100 పౌండ్లు ఇచ్చి చేతులు దులుపుకుంది.

బేకర్ వర్సెస్ బోల్టన్ అనే ఆ చిన్న కేసు తర్వాతి నలభై ఏళ్లు ఇంగ్లండు చట్టాన్ని ఏలింది. కాలు విరగ్గొట్టినవాడు డబ్బు కట్టాలి, ప్రాణం తీసినవాడికి ఆ బాధ లేదు. దావా వేసే హక్కు మనిషితోపాటే కాటికి పోతుందన్నది అప్పటి సూత్రం. పోయినవాడు ఎటూ కోర్టుకు రాలేడు, ఉన్నవాళ్లకు వచ్చే హక్కు లేదు.

చిత్రమేమిటంటే ఆ రోజుల్లో చంపిన మనిషి కట్టనక్కర్లేని వెల చంపిన వస్తువుకు పడేది. ఎద్దు పొడిచి గానీ బండి తొక్కి గానీ ఎవరైనా చనిపోతే ఆ ఎద్దుకో బండికో జ్యూరీ వెల కడుతుంది, ఆ సొమ్ము రాజుగారి ఖజానాకు జమవుతుంది. దీన్ని డియోడాండ్ అనేవారు. రైళ్లు వచ్చేదాకా ఇది పెద్దగా ఎవరినీ కలవరపెట్టలేదు. 1841 క్రిస్మస్ ముందు రోజు లండన్‌కు పడమరగా సోనింగ్ దగ్గర రైలు దారి పక్క గట్టు నుంచి విరిగిపడిన మట్టిలో గ్రేట్ వెస్టర్న్ కంపెనీ రైలు కూరుకుపోయి, పండక్కి ఇళ్లకు వెళ్తున్న కూలీలు ప్రాణాలు కోల్పోయారు. జ్యూరీ ఇంజిన్ మీదా బోగీల మీదా వెయ్యి పౌండ్ల డియోడాండ్ వేసింది. కూలీల కుటుంబాలకు అందులో పైసా హక్కు లేకపోయినా రైల్వే కంపెనీల గుండెల్లో మాత్రం రాయి పడింది. 1846లో పార్లమెంటు రెండు చట్టాలు కలిపి చేసింది. ఒకటి డియోడాండ్‌ను రద్దు చేసింది. లార్డ్ క్యాంప్‌బెల్ పేరు మీద వచ్చిన రెండోది పోయినవారి భార్యాబిడ్డలకూ తల్లిదండ్రులకూ పరిహారం అడిగే హక్కిచ్చింది. తొమ్మిదేళ్లు తిరగకుండా 1855లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం అదే చట్టాన్ని భారతదేశానికీ దించింది. మన దగ్గర దాని పేరు ఫేటల్ యాక్సిడెంట్స్ యాక్ట్.

అయితే కొత్త హక్కు సంపాదన చుట్టూనే తిరిగింది. పోయినవాడు నెలకు ఎంత తెచ్చేవాడు, అందులో ఇంటికి ఎంత ఇచ్చేవాడు అన్నవే ప్రశ్నలు. 1852లో ఒక వితంతువు దుఃఖానికి కూడా ఖరీదు కట్టమని మిడ్‌లాండ్ రైల్వే మీద అడిగితే, కన్నీళ్లు లెక్కలోకి రావని కోర్టు తేల్చింది. బతికి బయటపడ్డవాళ్లకు కాస్త మెరుగు. 1879లో లండన్ అండ్ సౌత్ వెస్టర్న్ రైల్వే ప్రమాదంలో చితికిపోయిన ఒక పేరున్న డాక్టరుకు మొదటి జ్యూరీ 7,000 పౌండ్లిచ్చింది. అది మరీ తక్కువని కేసు మళ్లీ నడిపితే రెండో జ్యూరీ 16,000 ఇచ్చింది. ఆ కేసులో ప్రధాన న్యాయమూర్తి కాక్‌బర్న్ జ్యూరీ చూడాల్సిన పద్దులను వరసపెట్టి చెప్పాడు: ఒంటికి తగిలిన గాయం, పడ్డ నొప్పి, ఆరోగ్యం మీద దాని ప్రభావం, వైద్యం ఖర్చు, పోయిన సంపాదన. ఈనాటికీ మన ట్రిబ్యునళ్ల తీర్పుల్లో కనిపించే పద్దుల వరసకు మూలపురుషుడు ఆయనే అనుకోవచ్చు. సంతోషం మాత్రం ఆ జాబితాలో విడిగా లేదు.

ఆ పద్దు 1930లలో దాదాపు పక్క దారిన లోపలికొచ్చింది. మోటారు కార్లు పెరిగాయి, వాటికి బీమా తప్పనిసరి అయింది. పరిహారం కట్టేది బీమా కంపెనీ అని తెలిశాక జ్యూరీల చెయ్యి, జడ్జీల చెయ్యి కాస్త ధారాళమవడం సహజం. ఫ్లింట్ వర్సెస్ లవెల్ కేసులో డెబ్బై దగ్గర పడిన ఒక హుషారైన పెద్దమనిషి కారు ప్రమాదంలో గాయపడ్డాడు. ప్రమాదం జరక్కపోతే ఇంకో ఎనిమిది తొమ్మిదేళ్లు హాయిగా బతికేవాడని, ఇప్పుడు ఏడాది కూడా అనుమానమేనని డాక్టర్లు చెప్పారు. తరిగిపోయిన ఆ ఏళ్లకు విడిగా డబ్బివ్వవచ్చని అప్పీలు కోర్టు ఒప్పుకుంది. అదే సమయంలో, అంటే 1934లో, పార్లమెంటు మరో చట్టం చేసింది. మనిషి పోయినా అతని దావా పోదు, వారసులు నడుపుకోవచ్చు అన్నదే దాని సారం. ఈ రెండూ కలిసేసరికి ఎవరూ ఊహించని తలుపు తెరుచుకుంది. 1937లో రోజ్ వర్సెస్ ఫోర్డ్ కేసులో, కారు ప్రమాదంలో గాయపడి నాలుగు రోజులకు చనిపోయిన 23 ఏళ్ల అమ్మాయి తరఫున, ఆమె కోల్పోయిన ఆయుష్షుకు హౌస్ ఆఫ్ లార్డ్స్ 1,000 పౌండ్లు ఇచ్చింది.

దాంతో దావాలు వెల్లువెత్తాయి. ఒక జడ్జి వందల్లో ఇస్తే మరో జడ్జి వేలల్లో ఇచ్చాడు. ఎనిమిదేళ్ల పిల్లవాడు కోల్పోయిన జీవితానికి, అరవై ఏళ్ల మనిషి కోల్పోయిన జీవితానికి దేని విలువ ఎక్కువ? పేదవాడి సంతోషం చవకా? ఇలాంటి ప్రశ్నలు తలకెత్తుకోవాల్సిన పని జడ్జీలకు అంతకుముందు లేదు.

1941 నాటి లా రిపోర్టుల్లో అచ్చయిన బెన్హమ్ వర్సెస్ గాంబ్లింగ్ తీర్పు ఈ గొడవను తెంచింది. తెంచిన తీరులో తెలివి ఉంది, కరుకుదనమూ ఉంది. మోటారు ప్రమాదంలో గాయపడ్డ రెండున్నరేళ్ల పసివాడు అదే రోజు చనిపోయాడు. కింది కోర్టు 1,200 పౌండ్లు ఇచ్చింది. లార్డ్ ఛాన్సలర్ వైకౌంట్ సైమన్ దాన్ని 200కు కోశాడు. ఆయన వాదన ఇలా సాగింది. కొలవాల్సింది ఎన్నేళ్లు బతికేవాడన్నది కాదు, ఆ బతుకులో కష్టం కంటే సుఖం ఎక్కువ ఉండేదా అన్నది. డబ్బున్నంత మాత్రాన సుఖం ఉండదు కాబట్టి ఆస్తిపాస్తులు చూడకూడదు. పసివాడి భవిష్యత్తు ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు కాబట్టి ఆ మొత్తం ఇంకా తక్కువే ఉండాలి. సంతోషాన్ని డబ్బుతో కొలవడం అసాధ్యం కాబట్టి ఏ కేసులోనైనా మొత్తం మితంగానే ఉండాలి.

ఇందులో మొదటి మూడు మాటలూ ఎలాగో జీర్ణమవుతాయి. చివరిది మాత్రం తర్కానికి నిలవదు. కొలవలేనిది కాబట్టి తక్కువిస్తామంటే, కొలవలేనిది కాబట్టి ఎక్కువిస్తామని ఎందుకు అనకూడదు? సైమన్ అసలు ఉద్దేశం వేరు. బీమా లోకానికీ వకీళ్లకూ ఒక స్థిరమైన అంకె కావాలి, కోర్టు వేదాంతం నుంచి బయటపడాలి. ఆ పని నెరవేరింది. కోల్పోయిన ఆయుష్షుకు 200 పౌండ్లన్నది రేటు కార్డుగా మారింది. రూపాయి విలువ పడినప్పుడు జీతాల్లో కరువు భత్యం కలిపినట్టు, పౌండు విలువ పడినప్పుడల్లా ఆ అంకెను కాస్త కాస్త పెంచుకుంటూ వచ్చారు. 1960ల చివరికి హౌస్ ఆఫ్ లార్డ్స్ 500 దగ్గర ఒప్పుకుంది. చివరికి 1982లో పార్లమెంటు ఆ పద్దునే కొట్టేసింది. తన ఆయుష్షు తగ్గిందని గాయపడ్డ మనిషికి తెలిసి కుమిలిపోతుంటే ఆ బాధను నొప్పి బాధల పద్దులోనే చూడమంది. భర్తనో భార్యనో పిల్లలనో కోల్పోయినవారికి 3,500 పౌండ్ల స్థిరమైన మొత్తం విడిగా పెట్టింది.

చనిపోయినవారి సంగతి అలా సర్దుకుంది. బతికి ఉండీ బతుకు రుచి కోల్పోయినవారి విషయంలో అసలైన తగువు మొదలైంది.

1960ల మొదట్లో ఇంగ్లండు అప్పీలు కోర్టుకు ఇరవై ఏళ్ల అమ్మాయి కేసు వచ్చింది. మూడున్నరేళ్లుగా ఆమెకు స్పృహ లేదు, రాదు కూడా. తనకేం జరిగిందో ఆమెకు తెలియదు. నొప్పి లేదు, దిగులు లేదు. కోల్పోయిన సుఖాలకు 15,000 పౌండ్లు ఇవ్వవచ్చా? ఇద్దరు జడ్జీలు అవునన్నారు. డిప్లాక్ కాదన్నాడు. కొద్ది కాలానికే హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకు లారీ గుద్దిన 41 ఏళ్ల మహిళ కేసు వచ్చింది. ఆమె మాట్లాడలేదు, కదల్లేదు, తన స్థితి మసకమసకగా తెలుస్తుండవచ్చునన్నది డాక్టర్ల మాట. 17,500 పౌండ్ల పరిహారాన్ని ముగ్గురు సమర్థించారు. లార్డ్ రీడ్, లార్డ్ డెవ్లిన్ విభేదించారు. చట్టం చదివేవాళ్లు ఈనాటికీ ఈ చీలిక మీదే తర్జనభర్జన పడతారు.

మెజారిటీ వాదం సూటిగా ఉంటుంది. కాళ్లు పోతే కాళ్లు పోయినట్టే, ఆ సంగతి మనిషికి తెలిసినా తెలియకపోయినా. నష్టం ఉన్నది ఒంట్లో, దాని మీద మనసు పడే బాధ వేరే పద్దు. స్పృహ లేకుండా కొట్టినవాడికి స్పృహ ఉంచి కొట్టినవాడి కంటే తక్కువ బిల్లు పడటమేమిటి? ఆమె ఆ డబ్బును ఖర్చు పెట్టుకోగలదా లేదా అన్నది కోర్టు చూడాల్సిన పని కాదు. రీడ్, డెవ్లిన్‌ల వాదమూ తేలికది కాదు. సుఖం అనేది అనుభవంలో ఉంటుంది. అనుభవించేవాడే లేనప్పుడు ఎవరికి ఇస్తున్నాం? ఆమెకు ఒక్క పూట కూడా పనికిరాని ఆ సొమ్ము చివరికి వారసులకు చేరుతుంది. చట్టం ఆ సొమ్మును ఉద్దేశించింది వారికి కాదు.

1966లో ఆస్ట్రేలియా హైకోర్టు ఇంగ్లండు దారిన నడవనంది. బ్రిటన్ ప్రభుత్వం వేసిన పియర్సన్ కమిషన్ కూడా 1978లో, శాశ్వతంగా స్పృహ కోల్పోయినవారికి ఈ పద్దు కింద పరిహారం వద్దని సిఫారసు చేసింది. పార్లమెంటు పట్టించుకోలేదు. మరుసటి ఏడే ఒక చిన్న ఆపరేషన్లో మెదడు దెబ్బతిన్న యువ డాక్టరు కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ పాత మాటకే కట్టుబడింది. చెరిపేయాలంటే పార్లమెంటే చెరపాలని లార్డ్ స్కార్మన్ రాశాడు.

కెనడా సుప్రీంకోర్టు అదే 1978 జనవరిలో మూడో దారి వెతికింది. మెడ కింద ఒళ్లంతా చచ్చుబడిన 21 ఏళ్ల యువకుడి కేసులో జస్టిస్ డిక్సన్, పోయిన ఆనందానికి వెల కట్టే ప్రయత్నమే మానేయమన్నాడు. మిగిలిన బతుకును కాస్త భరించదగ్గదిగా చేయడానికి డబ్బు ఏమేం సమకూర్చగలదో అది చూడండి, అంతవరకే ఇవ్వండి, దానికి లక్ష డాలర్లు పరిమితి అన్నాడు. సంరక్షణ ఖర్చులకు మాత్రం చెయ్యి ధారాళంగా ఉంచాడు. ఈ మూడు దారుల్లో ఒకటి ఎంచుకోమంటే ఈ వ్యాసకర్త డిక్సన్ వైపే మొగ్గుతాడు, పరిమితి సంగతి పక్కన పెట్టి.

అమెరికా యథాప్రకారం మార్కెట్టుకు వెళ్లింది. ఇలినాయ్‌లోని జోలియెట్‌లో 1979లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన 19 ఏళ్ల యువకుడి కేసులో స్టాన్ స్మిత్ అనే ఆర్థికవేత్త సాక్ష్యం చెప్పాడు. జనం తమ ప్రాణభద్రత కోసం ఎంత ఖర్చు పెడతారో చూసి, దాని నుంచి జీవితం విలువ లాగవచ్చన్నాడు. జ్యూరీ సంపాదన కింద 3 లక్షల డాలర్లిచ్చి, జీవితానందం కింద 8.5 లక్షలు ఇచ్చింది. 1988లో పై కోర్టు వేరే సాక్ష్యం విషయంలో ఆ తీర్పును కొట్టేసినా, హెడోనిక్ డ్యామేజెస్ అన్న కొత్త వ్యాపారం మాత్రం పుట్టేసింది. అనేక కోర్టులు ఇలాంటి సాక్షులను గడప తొక్కనివ్వలేదు. 1989లో న్యూయార్క్ అత్యున్నత కోర్టు, ఆపరేషన్ బల్ల మీద కోమాలోకి జారిన 31 ఏళ్ల మహిళ కేసులో, ఏ కొంచెమైనా ఎరుక ఉంటేనే జీవితానందం కోల్పోయినట్టు లెక్క అని తీర్పిచ్చింది. ఆనందానికి విడి పద్దు కూడా అక్కర్లేదు, నొప్పి బాధలతో కలిపి ఒకే మొత్తం ఇవ్వమంది.

భారతదేశంలో ఈ పద్దుకు సుప్రీంకోర్టు ముద్ర వేసింది ఒక తెలుగు న్యాయమూర్తి. 1947లో మద్రాసు రాష్ట్రంలో జరిగిన బస్సు ప్రమాదంలో ఒక యువకుడు గాయపడి చనిపోయాడు. గోబాల్డ్ మోటార్ సర్వీస్ అనే ఆ బస్సు కంపెనీ అప్పీలు 1961లో సుప్రీంకోర్టులో తేలింది. తీర్పు రాసింది కోకా సుబ్బారావు. రాజమండ్రిలో పుట్టి, గుంటూరులో కొలువుతీరిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి ఢిల్లీ వెళ్లిన మనిషి. 1855 చట్టాన్ని విప్పి చూపిస్తూ, కుటుంబానికి పోయిన సంపాదన ఒకటి, పోయినవాడి ఆయుష్షు కుంచించుకుపోవడం వల్ల అతని ఎస్టేటుకు కలిగిన నష్టం వేరొకటి అని ఆయన తేల్చాడు. రెండో దాని కింద 5,000 రూపాయలు ఖాయం చేశాడు. లండన్‌లో ఒక ఇరవై ఏళ్లలో ఆ పద్దు కనుమరుగు కాబోతోందని అప్పుడు ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత కథంతా మోటారు ప్రమాదాల ట్రిబ్యునళ్లలోనే నడిచింది. 1956 సవరణతో 1939 మోటారు వాహనాల చట్టంలోకి వచ్చిన ఈ ట్రిబ్యునళ్లు తెలుగు జిల్లాల్లో మామూలుగా జిల్లా జడ్జి ముందే నడుస్తాయి. దావాకు ఎం.వి.ఓ.పి. నంబరు పడుతుంది. ఎఫ్‌ఐఆర్ ఎగ్జిబిట్ ఎ-1 అవుతుంది, ఊండ్ సర్టిఫికెట్, చార్జిషీటు దాని వెనకాల వస్తాయి. గాయపడ్డ మనిషి పి.డబ్ల్యూ. 1, వైకల్యం శాతం చెప్పే డాక్టరు మరో సాక్షి. ఆ శాతం మీద బీమా కంపెనీ వకీలు క్రాస్ చేస్తాడు. ఇరవై శాతమా, నలభై శాతమా అన్న బేరంలో పూట గడిచిపోతుంది. మునుపు ఆ మనిషి ఏం చేసేవాడు, వాలీబాల్ ఆడేవాడా, భజనలో తబలా వాయించేవాడా, పొద్దున్నే చేలగట్టు మీద నడిచేవాడా అని అడిగేవారు అరుదు. పోయినవారి కేసుల్లో లెక్క మరీ పక్కాగా ఉంటుంది. 1987లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ ఎం. జగన్నాధరావు వయసును బట్టి ఏడాది సంపాదనను ఎన్ని రెట్లు చేయాలో చెప్పే మల్టిప్లయర్ పట్టిక తయారు చేసి పెట్టాక, ఉమ్మడి రాష్ట్రంలో ఏళ్ల తరబడి వకీళ్లు దాన్నే పట్టుకుని వాదించారు. సంపాదనకు అంత చక్కటి పట్టిక ఉంది, సుఖానికి ఏమీ లేదు.

పట్టిక పెట్టినచోటా సుఖం కనిపించలేదు. తప్పెవరిదని అడగకుండా సూత్రం ప్రకారం పరిహారం ఇచ్చేందుకు 1939 చట్టం స్థానంలో వచ్చిన కొత్త మోటారు వాహనాల చట్టానికి 1994లో రెండో షెడ్యూలు చేర్చారు. అందులో నొప్పి బాధలకు తీవ్ర గాయమైతే 5,000, కాకపోతే 1,000 రూపాయలు. అంత్యక్రియలకు 2,000. జీవన సుఖాలు కోల్పోయినందుకు అసలు వరసే లేదు. ఆ షెడ్యూలు 2018 దాకా మారలేదు.

కోర్టులు మాత్రం ఈలోగా కొంత ముందుకెళ్లాయి. 1980లో కారు ప్రమాదంలో నడుం కింద చచ్చుబడిన 52 ఏళ్ల న్యాయవాది కేసు 1995 జనవరిలో సుప్రీంకోర్టులో ముగిసింది. నడవలేకపోవడం, పరిగెత్తలేకపోవడం, చివరికి కూర్చోలేకపోవడం కూడా జీవన సుఖాల నష్టమేనని ఆ తీర్పు విడమరిచి చెప్పింది. నొప్పికి 1.5 లక్షలు, సుఖాలకు విడిగా 1.5 లక్షలు ఇచ్చింది. ఆయన అడిగింది మూడేసి లక్షలు.

2009లో హైదరాబాద్ కేసు ఒకటి దేశమంతా చర్చకొచ్చింది. 1990లో నిజామ్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్‌లో ఛాతీ కణితికి ఆపరేషన్ చేయించుకున్న ఇరవై ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థి నడుం కింద పడిపోయాడు. చక్రాల కుర్చీలోంచే తన కేసు తానే వాదించుకున్నాడు. జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన 15.5 లక్షలను సుప్రీంకోర్టు కోటి రూపాయలు చేసింది. ఆ కోటిని విప్పి చూస్తే నర్సుకు ఇంత, డ్రైవరుకు ఇంత, ఫిజియోథెరపీకి ఇంత, మందులకు 25 లక్షలు, పోయిన సంపాదనకు 25 లక్షలు, నొప్పి బాధలకు 10 లక్షలు. ఇరవయ్యో ఏట ఆగిపోయిన పరుగులకూ షికార్లకూ విడి పద్దు లేదు. పెద్ద మొత్తం వచ్చిన కేసుల్లోనూ సంతోషం సాధారణంగా నొప్పి చాటున దాక్కునే ఉంటుంది.

దాన్ని మళ్లీ బయటికి లాగినవారు సుప్రీంకోర్టులో జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్. 2010 అక్టోబరులో రాసిన తీర్పులో ఆయన ఒక ఉదాహరణ ఇచ్చారు. ఎడమ చెయ్యి పోయిన మనిషి డ్రైవరైతే అతని జీవనాధారమే పోతుంది. అదే మనిషి ప్రభుత్వ గుమాస్తా అయితే ఉద్యోగం నిలుస్తుంది, జీతం తగ్గదు. అలాంటప్పుడు గుమాస్తా నష్టం సంపాదన పద్దులో కనిపించదు, చెయ్యి పోయినందుకు జీవన సుఖాల పద్దులో ఇవ్వాల్సిందే. ఈ పద్దు ఎందుకు ఉండాలో ఇంతకంటే తేలిగ్గా చెప్పిన జడ్జి లేడేమో. అయితే మామూలు గాయాల కేసుల్లో ఈ పద్దు దాకా పోనక్కర్లేదని, శాశ్వత వైకల్యం లాంటి తీవ్రమైన కేసుల్లోనే చూడాలని కూడా అదే తీర్పు గీత గీసింది. మరణాల కేసుల్లో 2017లో రాజ్యాంగ ధర్మాసనం భార్యాభర్తల తోడు కోల్పోయినందుకు 40,000, ఎస్టేటు నష్టానికి 15,000 అని అంకెలు కట్టేసి, మూడేళ్లకోసారి పది శాతం పెంచమంది. వైకౌంట్ సైమన్ చూస్తే సంతోషించేవాడు.

2020లో సుప్రీంకోర్టులో ఒక పాప కేసు తేలింది. 2007లో, ఆమెకు పన్నెండేళ్లప్పుడు, తల్లిదండ్రులతో ట్రాక్టరు మీద వెళ్తుండగా లారీ గుద్దింది. ఒళ్లు ఎదుగుతోంది, బుద్ధి తొమ్మిది నెలల పిల్ల దగ్గరే ఆగిపోయిందని డాక్టర్లు తేల్చారు. న్యూయార్క్ కోర్టు ముందుకైతే మొదటి ప్రశ్న ఆమెకు ఏమాత్రం ఎరుక ఉంది అనే. లార్డ్ రీడ్ అయితే ఈ డబ్బు ఆమెకు ఏం చేస్తుందని అడిగేవాడు. జస్టిస్ దీపక్ గుప్తా ఆ ప్రశ్న జోలికి పోలేదు. నొప్పికీ జీవన సుఖాల నష్టానికీ కలిపి 15 లక్షలు, పెళ్లి అవకాశాలు పోయినందుకు 3 లక్షలు, జీవితాంతం పక్కన ఉండాల్సిన సహాయకులకు మల్టిప్లయర్ వేసి విడిగా, మొత్తం 62.27 లక్షలు ఇచ్చారు. హైకోర్టు ఇచ్చింది 26 లక్షలకు లోపే.